మూడు గుడ్ల బాకీ

బ్యాంకులో కుర్రాడు ఒక్క మాటే అడిగాడు:
ఇటుకా, మట్టా?
మట్టి, అన్నాను.
ఫైలు మూశాడు. పెన్నుకి మూత పెట్టాడు.
సెగెడ్‌లో ఈ వాన ఎప్పటికి తగ్గుతుందంటారు, అన్నాడు.

ఎవరూ అప్పివ్వని ఇల్లే
నేను కొనగలిగిన ఇల్లు.
యూనివర్సిటీ పక్కవీధిలో రెండు కార్ల షెడ్డు ధరకి
ఇక్కడ దిగువపేటలో రెండు గదులు, ఒక వంటిల్లు,
ఓ పక్కకి ఒరిగిన చూరు, పెరట్లో ఒక పుల్ల చెర్రీ.
వీధివైపు ముక్కోణపు గోడమీద
చెక్కలు పేర్చి చేసిన సూర్యుడు.
కిరణాలు నాలుగు ఊడిపోయాయి.
"అందుకే తగ్గించాను" అంది ఎమోకె,
చనిపోయినావిడ మేనకోడలు,
తాళాలగుత్తి నా చేతిలో పెట్టి
అరచేయి గౌనుకి తుడుచుకుంటూ.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దవాళ్ళు,
పెళ్ళి చేసి చూడమన్నారు.
పాత ఇల్లు కొని చూడమని ఎవరూ అనలేదు,
అంతమాట అనడానికి మనసొప్పలేదేమో.

గోడలకు చెవులుంటాయంటారు గానీ
మేస్త్రీ ఓదోన్ తన చెవినే గోడకు ఆనించాడు.
వేలి కణుపుతో కొట్టాడు. జరిగాడు. మళ్ళీ కొట్టాడు.
నాకు తెలుసు ఆ పని.
డయాలిసిస్ వార్డులో రోజూ పొద్దున్నే
ముంజేతుల మీద స్టెతస్కోపు పెట్టి
లోపల తుమ్మెద ఉందో లేదో వింటాను.
"నీళ్ళు మోకాలి దాకా ఎక్కాయి" అన్నాడు.
"బతుకుతుంది. సిమెంటు మాత్రం పూయకు,
ఊపిరాడక చస్తుంది.
చుట్టూ కాలవ తవ్వు. సున్నం వెయ్యి. ఆగు."
ఆగడం నాకు చేతనైన విద్యే:
నాలుగు గంటల్లో రెండు లీటర్లు,
మనుషుల్లోంచి నీళ్ళు తీసే ఉద్యోగం నాది.

మూడో ఆదివారం
సరుకుల గది తలుపుకి గరుకు కాగితం పట్టబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
లోపలివైపు, పైనుంచి కింది దాకా, పెన్సిలు.
నలభై ఏళ్ళు ముందుగది విద్యార్థులకి అద్దెకిచ్చిన పిరోష్క
వాళ్ళ చేబదుళ్ళన్నీ తలుపుకే చెప్పుకుంది.
జోంబోర్: బొగ్గు, ఒక బకెట్టు.
ఎటెల్క: ఉల్లిపాయలు. మళ్ళీ ఉల్లిపాయలు.
బుల్చూ: మా ఆయన బూట్లు, ఇంటర్వ్యూకి.
పొడుగాటి అబ్బాయి: గొడుగు.
కొట్టేసినవి తక్కువ.
ఇంటి పత్రాల్లో ఈ ఆస్తి సంగతి ఎక్కడా రాయలేదు.

ఈ ఊరు పెద్దదేం కాదు.
ఆరో నంబరు కుర్చీలో విల్మోష్ గారు,
లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు,
కొత్త ఇల్లెక్కడ అని అడిగారు,
సూది గుచ్చేటప్పుడు అటు చూడకుండా ఉండడానికి.
వీధి పేరు చెప్పాను.
సూర్యుడున్న ఇల్లా? అన్నారు.
కాసేపు మిషను చప్పుడు ఒక్కటే.
"ఆ తలుపుమీద నా పేరుందా?"

ఆ రాత్రి టార్చి వేసి వెతికాను,
నేలదాకా వంగి, గడియ వెనక కూడా.
లేదు.
ఆయన ఎప్పుడూ ఏమీ అడిగి ఉండరు,
లేదా అన్నీ వేళకి ఇచ్చేసి ఉంటారు.
అలాంటివాళ్ళు ఏ తలుపుమీదా మిగలరు.

బుధవారం చెప్పాను: ఉందండీ. మూడు గుడ్లు.
"మూడా!" అన్నారు.
ఆ మొహం నేను ఆ కుర్చీలో ఎన్నడూ చూడలేదు.

శుక్రవారం న్యూస్‌పేపరులో చుట్టి తెచ్చారు.
ఇంటికొచ్చి, ఎటెల్క ఉల్లిపాయల కింద
ఖాళీ చూసి
విల్మోష్, గుడ్లు మూడు, అని రాశాను,
పిరోష్క చేతిరాతలా కాస్త ఎడమకి వాల్చి.
వెంటనే కొట్టెయ్యబుద్ధి కాలేదు.
గుడ్లు వేయించుకుని తిన్నాను.
ఒకటి దారిలోనే చిట్లింది.
గోడమీద తడి గీత రెండు వేళ్ళు దిగిందో,
దీపమే అటు జరిపానో.